తిరిగి రానివాళ్ళ లెక్క

సాయంకాలపు కాలేజీలో కొత్త బ్యాచ్‌కి అది మొదటి క్లాసు. తల వంచుకుని వరసగా పేర్లు చదువుకుంటూ పోతున్న లెక్చరరు, తెలిసిన పేరూ తెలిసిన గొంతూ ఒకేసారి తగిలేసరికి టక్కున తలెత్తాడు. ముందు బెంచీలో, యూనిఫారంలోనే, కొత్త నోటుబుక్కు ముందు పెట్టుకుని అతని మేనత్త కూర్చుని ఉంది. ఇరవై ఏళ్ళకు పైగా జైల్లో ఆడవాళ్ళ వార్డుకి కాపలా కాసిన మనిషి, ఆ క్షణాన తనే దొరికిపోయిన దొంగలా మొహం పెట్టింది.

కోర్సులో చేరుతున్నట్టు ఒక్క మాటైనా చెప్పలేదు. చెబితే వద్దంటాడని భయం. హెడ్ వార్డరు కావాలంటే క్రిమినల్ జస్టిస్ డిప్లొమా ఉండాలని డిపార్టుమెంటు కొత్తగా రూలు పెట్టింది. అందుకని ఆ క్లాసు నిండా ఆమెలాంటివాళ్ళే: డ్యూటీ దిగి బూట్లతో సహా వచ్చిన కానిస్టేబుళ్ళు, ఒక కోర్టు గుమస్తా, ట్రాఫిక్‌లో నిలబడి నిలబడి నల్లబడ్డ ఇద్దరు. చట్టాల పేపర్లంటే వాళ్ళకి లెక్కలేదు, బట్టీ పట్టి గట్టెక్కేస్తారు. స్టాటిస్టిక్స్ అనగానే మాత్రం గుండె గుభేలుమంటుంది. ఆ పేపరు చెప్పేది మేనల్లుడు.

అతన్ని పెంచింది ఆమే. తల్లి పోయాక, నెలల తరబడి లారీ మీద తిరిగే తండ్రి, నాలుగేళ్ళ పిల్లాణ్ణి తెచ్చి చెల్లెలి చేతుల్లో పెట్టాడు. ఆమె పెళ్ళి మాట పక్కనపెట్టి, జైలు క్వార్టర్సులోని ఒకటిన్నర గదిలో వాణ్ణి సాకింది. ఎక్కాలు అప్పజెప్పించుకుంది, జ్వరాలకి కాపలా కాసింది, పరీక్షల రోజుల్లో పక్క క్వార్టరు రేడియోతో పోట్లాడింది. ఇప్పుడు వాడు గుమ్మంలోకి తల వంచి రావలసినంత ఎత్తు పెరిగాడు. ఆమెకి మాత్రం ఇంకా బుడ్డోడే.

క్లాసులో ఆమె ‘సార్’ అనాలి, అతను ‘మీరు’ అనాలి. మొదటి వారం ఇద్దరూ నాలుకలు కరుచుకుంటూ నెట్టుకొచ్చారు. రెండో వారం అతను బోర్డు మీద ఏదో గబగబా రాసేసరికి ఆమె ఒళ్ళు మరచి, “ఒరేయ్ బుడ్డోడా, అది మళ్ళీ చెప్పు, ఒక్క ముక్క అర్థం కాలేదు” అంది. క్లాసు గొల్లుమంది. నెల తిరిగేసరికి బస్టాపులో కానిస్టేబుళ్ళు “బుడ్డోడు సార్ వెళ్ళిపోయారా?” అని ఒకళ్ళనొకళ్ళు అడుక్కునే దాకా వచ్చింది.

ఆమెకి లెక్కలు రాక కాదు, ఒప్పుకోక కష్టం. సగటు గురించి చెబుతూ అతను ఒక వార్డులోని శిక్షలన్నీ కూడి, మనుషుల సంఖ్యతో భాగించి, సగటు శిక్ష మూడేళ్ళు అని తేల్చాడు. ఆమె వెంటనే చెయ్యెత్తింది. మూడేళ్ళ శిక్ష పడ్డది ఆ వార్డులో ఒక్కతీ లేదు కదా, అందరివీ నెలల్లో ఉన్నాయి, ఒకామెకి యావజ్జీవం, మరి ఈ మూడేళ్ళు ఎవరివి అని నిలదీసింది. అతనికి అదే కావాలి. వాళ్ళందర్నీ శిక్షల ప్రకారం తక్కువ నుంచి ఎక్కువకి వరసలో నిలబెట్టి, సరిగ్గా మధ్యలో ఉన్నామెను చూడండి, అది మధ్యగతం, అక్కడ యావజ్జీవం ఆమె ఎంత బరువైనా వరసని తనవైపు లాగలేదు అని చెప్పాడు. వరసలో నిలబెట్టడం తనకి బాగానే వచ్చని ఆమె గొణిగి, నోటుబుక్కులో చిన్న చిన్న బొమ్మలు వేసి మధ్యదానికి సున్నా చుట్టింది. ఆ రాత్రి భోజనాల దగ్గర తండ్రికి ఫోన్ చేసి మరీ చెప్పుకుని మురిసిపోయాడు మేనల్లుడు.

అసలు కథ శాంపిల్ పాఠంతో మొదలైంది. జైలు నుంచి బయటికి వెళ్ళినవాళ్ళలో ఎంతమంది మళ్ళీ వస్తారో అంచనా చెప్పమని అతను క్లాసుని అడిగాడు. పదికి ఎనిమిదిమంది అన్నారు కానిస్టేబుళ్ళు. గుమస్తా తొమ్మిది అన్నాడు. అత్త మాత్రం పెన్ను మూత పెట్టేసి, “దాదాపు అందరూ” అంది. మిగతావాళ్ళు అన్నది హుషారుగా. ఆమె అన్నది నీరసంగా.

ఆ సాయంత్రం ఇద్దరూ కలిసి బస్టాపుకి నడుస్తుంటే ఆమె మనసులోది బయటపెట్టింది. వార్డులో కుట్టుమిషన్ల గది ఆమె పెట్టించిందే. ఎవరూ అడగలేదు. పై అధికారుల కాళ్ళావేళ్ళా పడి పాత మిషన్లు సంపాదించి, మధ్యాహ్నాలు తన విశ్రాంతి వేళ మానుకుని, ఏళ్ళ తరబడి కుట్టు నేర్పుతోంది. ఈ మధ్య మానేద్దామనిపిస్తోందట. హెడ్ వార్డరయితే గేటు పక్క ఆఫీసులో కూర్చోవచ్చు, లోపలి మొహాలు చూడనక్కర్లేదు. ప్రమోషను కోసం ఇన్ని పాట్లు అందుకేనని ఆమె అనగానే అతని కాళ్ళు ఆగిపోయాయి.

“వెళ్ళేటప్పుడు నా చేతులు పట్టుకుని ఏడుస్తారురా. ఇంకెప్పుడూ రాము అమ్మా అంటారు. ఆర్నెల్లకి అదే గేట్లోంచి తల దించుకుని వస్తారు. వాళ్ళకి సిగ్గు, నాకు సిగ్గు. నేను నేర్పిందంతా బూడిదలో పోసిన పన్నీరు.”

“అత్తా, నీకు కనబడేది వచ్చినవాళ్ళే కదా,” అన్నాడు అతను. “రానివాళ్ళు నీకెలా కనబడతారు?”

పాఠం క్లాసులో చెప్పు, రోడ్డు మీద కాదు అని ఆమె కసిరింది. బస్సు వచ్చింది, ఎక్కేసింది. కానీ మర్నాడు కోర్సు ప్రాజెక్టుకి విషయాలు రాసిమ్మంటే, ఆమె కాగితం మీద ఉన్నది అదే: విడుదలైనవాళ్ళలో తిరిగి వచ్చేవాళ్ళెందరు? ఇస్తూ, “నీ మాట నీ చేతే తప్పనిపిస్తాను చూడు” అని అతనికి మాత్రమే వినబడేలా అంది.

జైలు సూపరింటెండెంటు సంతకం పెట్టే ముందు ప్రతి కాగితాన్ని రెండుసార్లు చదివే మనిషి. ఈ కాగితాన్ని మూడుసార్లు చదివి, పేర్లు బయటికి పొక్కకూడదన్న షరతు మీద ఒప్పుకుంది. ఆరేళ్ళ కిందట ఆ వార్డు నుంచి విడుదలైన ఆడవాళ్ళ వివరాలు ఇప్పించింది. అందర్నీ వెతకడం అయ్యే పని కాదు, కొందర్ని ఎంచుకోవాలి. అక్కడే మొదటి పేచీ వచ్చింది. తనకి గుర్తున్నవాళ్ళని తీసుకుంటే పని తేలికవుతుందని అత్త. నీకు గుర్తున్నది మళ్ళీ మళ్ళీ వచ్చినవాళ్ళే, అంచేత గుర్తున్నవాళ్ళు పనికిరారని మేనల్లుడు. చివరికి నంబర్లు రాసిన చీటీలు ప్లాస్టిక్ బకెట్‌లో వేసి, క్లాసులో బల్ల మీద పెట్టి, ఆమె చేతే తీయించాడు. ట్రాఫిక్ కానిస్టేబులు బకెట్ కుదిపి పెట్టాడు.

చీటీలు తీస్తూ, ఆ నంబర్లకి పేర్లు చూసుకుంటూ ఉంటే ఆమె మొహం మారుతూ వచ్చింది. సగం పేర్లకి మొహం గుర్తురాలేదు. తన వార్డులో నెలల తరబడి ఉన్నవాళ్ళు, తను పొద్దునా సాయంత్రం లెక్కపెట్టుకున్నవాళ్ళు. “ఎవరే తల్లీ నువ్వు?” అని ఒక చీటీని అడిగింది, అది జవాబు చెబుతుందేమో అన్నట్టు.

నలభై నంబర్లు హెడ్డాఫీసుకి పంపారు. వాళ్ళలో ఎవరెవరు మళ్ళీ ఏ జైల్లోనైనా పడ్డారో అక్కడి కంప్యూటరు చూసి చెప్పాలి. జవాబు వచ్చిన రోజు అత్త డ్యూటీలో ఉంది. అతను క్వార్టర్సుకి వెళ్ళి మెట్ల మీద కాచుకున్నాడు. ఆమె వచ్చి పక్కన కూలబడి, కళ్ళజోడు తుడుచుకుని చదివింది. నలభైమందిలో తిరిగి వచ్చింది పదకొండుమంది. ఆమె మళ్ళీ చదివింది. వేలు పెట్టి చదివింది.

“తక్కినవాళ్ళు?”

“రాలేదు.”

“చచ్చిపోయారా?”

“ఇద్దరు పోయారట. వాళ్ళని తీసేసినా లెక్క పెద్దగా మారదు అత్తా. ఎక్కడో అక్కడ బతుకుతున్నారు.”

ఆమె లేచి లోపలికి వెళ్ళి టీ పెట్టింది, పంచదార వెయ్యడం మరిచిపోయింది, అతను కిక్కురుమనకుండా తాగేశాడు.

విడుదలైనవాళ్ళకి పనులు చూపించే ఆఫీసు ఒకటుంది. వాళ్ళు ఆ నలభైమందిలో దొరికినవాళ్ళకి ఫోన్ చేసి, మాట్లాడటానికి ఇష్టమేనా అని అడిగారు. కొందరు ఠక్కున పెట్టేశారు. ఆ జీవితం గురించి ఇంకెప్పుడూ అడగొద్దన్నారు కొందరు. కొద్దిమంది రమ్మన్నారు. వాళ్ళలో ఒకామె ఒక పెద్ద హోటల్ లాండ్రీలో పని చేస్తోంది. అత్తా మేనల్లుడూ వెనక గుమ్మంలోంచి వెళ్ళారు. లోపల ఆవిరి. మడతపెట్టిన తెల్లటి దుప్పట్లు నిలువెత్తున. ఆమె ఇస్త్రీ మిషను ఆపి, చేతులు తుడుచుకుంటూ వచ్చింది. యాభై దగ్గర పడ్డ మనిషి, మోచేతుల దాకా కాలిన మచ్చలు.

అత్త ఆమె మొహంలోకి ఎంత చూసినా గుర్తుపట్టలేదు. అది దాచడమూ చేతకాలేదు.

“నన్ను మరిచిపోయారు కదమ్మా,” అంది ఇస్త్రీ ఆమె. నవ్వింది. “మంచిదేగా. నేను మళ్ళీ వచ్చుంటే మరిచిపోయేవారా?”

అత్త ఆమె చేతులు రెండూ పట్టుకుంది, అంతే. ఇస్త్రీ ఆమె కబుర్లు చెప్పింది. కొడుకు వడ్రంగి పని నేర్చుకున్నాడట. సూపర్‌వైజర్‌కి మాత్రం తన పాత సంగతి తెలుసట, ఇంకెవరికీ తెలీదట. కుట్టు క్లాసు మాట అత్తే కదిపింది. తను చేరలేదని, అడిగితే వచ్చే బ్యాచ్‌లో చూద్దాం అన్నారని, ఆ బ్యాచ్ వచ్చేలోపే విడుదలయిందని ఆమె చెప్పింది. ఏ నిష్ఠూరమూ లేకుండానే చెప్పింది. వచ్చేటప్పుడు గుమ్మం దాకా వచ్చి, మళ్ళీ రావద్దని, వస్తే నలుగురూ అడుగుతారని మెల్లగా అంది. అత్త తలూపింది. బయటికొచ్చాక ఆమె కొంగుతో మొహమంతా తుడుచుకుని, లోపల ఆవిరి ఎక్కువగా ఉందని అంది.

ఆ తర్వాత రెండు వారాలు ఆమెను పట్టుకోవడం ఎవరి తరమూ కాలేదు. డ్యూటీ కాగానే ప్రాజెక్టే. ఆ నలభైమందిలో కుట్టు క్లాసులో చేరినవాళ్ళెవరు, చేరనివాళ్ళెవరు అని విడదీసింది. చేరిన పదిహేనుమందిలో మళ్ళీ జైలుకొచ్చింది ఒకే ఒక్కతె. తక్కిన పదిమందీ చేరనివాళ్ళే. ఆ సంగతి తేలిన సాయంత్రం ఆమె క్లాసుకి పరిగెత్తినట్టే వచ్చింది. గుమస్తాకి చెప్పింది, కానిస్టేబుళ్ళకి చెప్పింది, గేటు దగ్గర టీ కొట్టతనికి కూడా చెప్పింది. ప్రాజెక్టు చివరి పేజీలో గుండ్రటి అక్షరాలతో రాసింది: కుట్టు నేర్పడం వల్ల ఆడవాళ్ళు మళ్ళీ నేరంలోకి పోలేదని దీనివల్ల రుజువైనది.

మేనల్లుడు ఆ పేజీ తెరిచి ఎర్రపెన్ను పట్టుకుని కూర్చున్నాడు. మూత తీశాడు, పెట్టాడు. చేరినవాళ్ళని ఎంచింది ఎవరు? అత్తే. ఎవర్ని ఎంచి ఉంటుంది? నెమ్మదస్తుల్ని. కత్తెర చేతికిస్తే గొడవ చెయ్యనివాళ్ళని. ఇంటి నుంచి మనుషులు చూడటానికి వచ్చేవాళ్ళని. వాళ్ళు కుట్టు నేర్చుకోకపోయినా తిరిగి వచ్చేవాళ్ళు కాదేమో. క్లాసు గొప్పా, ఎంపిక గొప్పా అన్నది ఈ లెక్క చెప్పలేదు. రెండూ కలిసి నడుస్తున్నాయంటే ఒకదాన్ని ఇంకొకటి నడిపిస్తోందని కాదు. ఏ విద్యార్థి రాసినా మారు మాట లేకుండా కొట్టేసేవాడు. ఇది రాసింది తన జ్వరాలకి కాపలా కాసిన మనిషి. ఇన్నేళ్ళకి ఆమె కళ్ళలో ఆ వెలుగు చూసి పట్టుమని పది రోజులు కాలేదు. వదిలేస్తే ఏం పోయింది అనుకున్నాడు. కానీ ఆ ప్రాజెక్టు సూపరింటెండెంటు చదువుతుంది, ఆమె మూడుసార్లు చదివే మనిషి. అంతకంటే పెద్ద బాధ ఇంకోటి ఉంది: పసిపిల్లకి చెప్పినట్టు అత్తకి అబద్ధం చెప్పాలంటే అతనికి మనసొప్పలేదు.

ఆదివారం క్వార్టర్సుకి వెళ్ళి, ఆమె బట్టలు ఆరేస్తుంటే క్లిప్పులు అందిస్తూ, నాన్చి నాన్చి చెప్పాడు. ఆమె చివరిదాకా విన్నది. తడి బట్ట ఒకటి చేతిలోనే ఉండిపోయింది.

“ఇన్నాళ్ళకి నాకొక సంతోషం దొరికితే, దాన్నీ ఎర్రపెన్నుతో కొట్టేస్తావా?”

“కొట్టెయ్యడం లేదత్తా. నీ క్లాసు పనికిరాదని నేనన్లేదు. పనికొచ్చిందో లేదో దీన్ని బట్టి తెలీదంటున్నాను.”

“సరే సార్,” అంది ఆమె.

ఆ ‘సార్’ క్లాసు ‘సార్’ కాదు. ఆ వారమంతా క్లాసులోనూ బయటా ఆ పిలుపే. బస్టాపులో ‘మీరు ముందు ఎక్కండి సార్’. ఫోన్ చేస్తే ‘డ్యూటీలో ఉన్నాను సార్’. అతనికి అన్నం సహించలేదు. తిట్టినా బాగుండేది. చిన్నప్పుడు కిటికీ అద్దం పగలగొట్టినప్పుడు కూడా ఆమె ఇంత మర్యాదగా మాట్లాడలేదు. క్లాసులో అదే ముందు బెంచీలో కూర్చుని, ఏ ప్రశ్నా వెయ్యకుండా, చెప్పింది చెప్పినట్టు రాసుకుని పోయేది. ఆమె ప్రశ్నలు లేకపోతే తన పాఠం ఎంత చప్పగా ఉంటుందో అతనికి అప్పుడు తెలిసొచ్చింది.

ప్రాజెక్టు ఇవ్వాల్సిన ఆఖరి రోజున అందరూ వెళ్ళిపోయాక ఆమె బెంచీలోనే ఉండిపోయింది. కాగితాలు తెచ్చి అతని బల్ల మీద పెట్టి, చదవమన్నట్టు కళ్ళతో చూపించింది. చివరి పేజీ మారింది. కుట్టు క్లాసుకి మనుషుల్ని నేనే ఎంచుకున్నాను అని రాసి ఉంది. మంచివాళ్ళు అనిపించినవాళ్ళనే ఎంచుకున్నాను, కాబట్టి వాళ్ళు తిరిగి రాకపోవడం క్లాసు గొప్పదనమో, వాళ్ళ గొప్పదనమో చెప్పలేను. తెలుసుకోవాలంటే ఇకమీదట అడిగినవాళ్ళందరి పేర్లూ చీటీల్లో వేసి తీయాలి. దాని కింద ఇంకో వాక్యం, కొట్టేసి మళ్ళీ రాసినది: నేను ఎంచుకోనివాళ్ళు ఎలాంటివాళ్ళో నాకు తెలియదని ఇప్పుడు తెలిసింది.

“లాండ్రీ ఆమె మాట చెవిలోంచి పోవట్లేదురా,” అంది. వారం తర్వాత వచ్చిన ఆ ‘రా’కి అతనికి ప్రాణం లేచొచ్చింది. “వచ్చే బ్యాచ్‌లో చూద్దాం అన్నానట. నేనెంతమందితో అలా అన్నానో. ఎవర్ని చూసి ఏమనుకున్నానో. వాళ్ళ మొహాలు కూడా గుర్తులేవు నాకు.”

“నీ మీద నువ్వు కేసు పెట్టుకోకత్తా. మిషన్లు తక్కువ, మనుషులు ఎక్కువ. ఎవరో ఒకరు ఎంచాల్సిందేగా.”

“ఇక ఆ బకెట్టే ఎంచుతుందిలే. అది నాకంటే పక్షపాతం లేనిది.” అతని మొహంలోకి చూసి, “నువ్వు చెప్పకుండా వదిలేస్తావేమో అనుకున్నా. నిజం చెప్పు, వదిలేద్దామనుకున్నావా లేదా?”

అనుకున్నానని అతను ఒప్పుకున్నాడు. ఆమె వాడి వీపు మీద ఒక్కటి చరిచింది. బల్ల మీది సుద్దముక్క ఎగిరిపడేంత గట్టిగా.

ఆ పేపరులో ఆమెకి వచ్చిన మార్కులు క్లాసు మధ్యగతం కంటే కాస్త కింద. అయినా ప్యాసే, ప్రమోషనూ వచ్చింది. గేటు పక్క ఆఫీసులో కుర్చీ, బల్ల, ఫ్యాను కూడా ఇచ్చారు. ఆమె మధ్యాహ్నాలు మాత్రం కుట్టు గదికే పోతానని సూపరింటెండెంటుతో ముందే ఒప్పందం చేసుకుంది. ఆ సూపరింటెండెంటు చీటీల పద్ధతికి అనుమతి రాసిస్తూ, దీని ఫలితం తెలియడానికి కొన్నేళ్ళు పడుతుందే అంటే, తనకి తొందరేమీ లేదని అత్త చెప్పి వచ్చింది.

మొదటి చీటీల్లోనే వార్డు మొత్తం ‘మిరపకాయ’ అని పిలిచే అమ్మాయి పేరు వచ్చింది. పళ్ళెం విసిరి కొట్టడంలో, పక్కదాని జుట్టు పట్టుకోవడంలో పేరుపడ్డ పిల్ల. తన చేత్తో ఎంచాల్సి వస్తే అత్త దాన్ని కత్తెరకి పది గజాల దూరంలో ఉంచేది. చీటీ విప్పి పేరు చూసిన క్షణంలో దాన్ని మళ్ళీ బకెట్‌లో వేసి కలిపేద్దామా అనిపించిందట. వార్డు మొత్తం కళ్ళప్పగించి చూస్తోంది. గొంతు సవరించుకుని పేరు పైకి చదివింది. మిరపకాయ నమ్మలేదు. ఎవరో ఆట పట్టిస్తున్నారనుకుని ఆ చీటీ లాక్కుని తనే చదువుకుంది.

ఇప్పుడు ప్రతి ఆదివారం మేనల్లుడికి ఆ కబుర్లే. మిరపకాయ మొదటి వారంలో సూదులు విరిచిన సంగతి, దారం తెగినప్పుడల్లా మిషన్ని బూతులు తిట్టే సంగతి, పక్కామెతో పోట్లాడి కుర్చీ ఎత్తిన సంగతి. అన్నీ తలపట్టుకుంటూ చెబుతుంది, మధ్యలో తనే ఆగి నవ్వుతుంది. నిన్న అది మొదటిసారి ఒక దిండు గలీబు పూర్తిగా కుట్టిందట. ఒక వైపు పొడుగు, ఒక వైపు పొట్టి. మళ్ళీ విప్పి కుట్టమంటే విప్పలేదట, ఇదే బాగుంది అని వాదించిందట.

“నీకేమనిపిస్తోందత్తా?” అన్నాడు అతను. “బయటికి వెళ్తే మళ్ళీ వస్తుందంటావా?”

“నాకెలా తెలుస్తుందిరా,” అంది ఆమె. “అది కుట్టే తీరు చూస్తే మాత్రం వచ్చే వారానికి కొత్త సూదులు కావాలి. సాయంత్రం బజార్లో తీసుకుందాం, గుర్తు చెయ్యి.”